ఇరుసు పొడుగు

అర్జునరావు సైకిల్‌ని భుజం మీంచి దించలేదు. విసిరేశాడు. అది పైడయ్య షాపు ముందు గాలి పంపుని గుద్దుకుని పడింది.

"ఇదేటి పైడయ్యా? పెడళ్లకేసింది ఇరుసా, రోకలిబండా?"

పైడయ్య మద్దిలపాలెం బస్ డిపో ఎదురుగా సైకిళ్లు బాగుచేస్తాడు. పంక్చర్‌కి అతుకు వేస్తూ తలెత్తలేదు.

"మెల్లిగా సెప్పు బాబూ. డిపోలో బస్సులు బెదిరిపోతాయి."

అది ఎగతాళి కాదు. అర్జునరావు పోర్టులో క్రేన్ నడుపుతాడు. పైనుంచి కింద వాళ్లని తిట్టీ తిట్టీ గొంతు అలా తయారైంది. ఓసారి ఆయన అరిస్తే, సముద్రంలో లంగరేసి ఉన్న ఓడ తననే పిలుస్తున్నారనుకుని హారన్ కొట్టింది.

"ఎల్లుండి ఆదివారం రేసు. పొద్దున ప్రాక్టీసుకెల్తే అడుగడుక్కీ సైను పడిపోతంది. సైను పడితే కాలు దించాల. కాలు దించితే ఇంకేటుంది, రేసు పోయినట్టే."

"పాత ఇరుసు శాంపిల్ నువ్వే తెచ్చేవు. దాని కొలతకే ఏసేను." పైడయ్య లేచి వచ్చి సైకిల్‌ని తలకిందులు చేశాడు. వెనక చక్రం చూసి ఆగాడు. "ఇదెప్పుడు మార్సేవు?"

"బరువుగుందని పోయిన్నెల మార్సేను. ఎనక చక్రానికీ పెడళ్ల ఇరుసుకీ ఏటి సంబంధం?"

"కొత్త చక్రం పళ్లు లోపలికున్నాయి. నీ పాత ఇరుసు పొడుగు. ముందు పళ్లు బయటికి తన్నుకొచ్చేసేయి. సైను వంకరగా లాగితే పడిపోక ఏటి సేస్తాది? సెప్పకుండా మార్సీసి నా మీద పడతావేటి?"

తప్పు తనదని తెలిసేసరికి అర్జునరావుకి కోపం రెట్టింపైంది. షాపులో ఉన్న స్టూలుని ఒక్క తన్ను తన్నాడు. స్టూలు ఏమీ అనలేదు.

అంత కోపానికీ మూలం గవర్రాజు. అర్జునరావు భార్య కనకరత్నానికి స్వయానా అన్న. బొజ్జ హ్యాండిల్‌కి తగిలే మనిషి. అయినా కాలనీ సైకిల్ రేసు కప్పు ఏటా అతనిదే. గెలిచి ఊరుకున్నా బాగుండేది. అర్జునరావు ఎప్పుడు భోజనానికి వెళ్లినా ఆ కప్పులోనే మజ్జిగ పోసి ఇస్తాడు.

"తాగు బావా, సలవ సేస్తాది. నీకు వేడెక్కువ."

కనకరత్నం పక్కనే కూర్చుని నవ్వుతుంది. అన్న గెలిచినప్పుడల్లా వీధంతా కోవా పంచేది ఆవిడే. మొగుడి ప్రాక్టీసు గురించి మాత్రం, "పాలకని సైకిలెక్కి ఎల్తారు. పాలబూతు కట్టీసేక దిగుతారు. నడిసెల్తే ఒక పేకెట్టైనా దొరికీది" అంటుంది.

పోయినేడు కప్పు అర్జునరావు చేతిలోకి వచ్చినంత పనైంది. సగం దూరంలో గవర్రాజు పక్కనుంచి, "మా సెల్లికి వైర్‌లెస్‌లో పనిసేసే సంబంధం వొచ్చింది బావా. అనవసరంగా వొదులుకున్నాం" అన్నాడు. అంతే. అర్జునరావు పెడళ్ల మీద లేచి నిలబడి, పళ్లు కొరుకుతూ తొక్కాడు. రేసు పోయింది.

పైడయ్య పొట్టి ఇరుసు తీసి బిగించాడు. పెడల్ తిప్పితే దాని ఇనుప కడ్డీ వెళ్లి ఫ్రేముని గీకింది. అర్జునరావు నోరు తెరిచాడు.

"అరవకు. ఇదీ కాదని నాకూ ఇనపడింది."

డబ్బాలన్నీ వెతికి మధ్యరకం ఒకటి తీశాడు. నూనె రాసి ఎక్కించాడు. వెనక పళ్ల నుంచి ముందు పళ్ల దాకా పురికొస బిగించి పట్టుకుని, ఒంటికన్నుతో చూశాడు. పురికొస సూటిగా ఉంది. కడ్డీకీ ఫ్రేముకీ మధ్య వేలు దూరింది. పెడల్ తిప్పితే చైను చప్పుడు కూడా చేయలేదు.

"ఇంక సైను పడదు. ఇరుసు సంగతి నాను సూసేను. కోపం సంగతి నువ్వు సూసుకో బాబూ."

ఆదివారం కాలనీ గ్రౌండు నిండిపోయింది. సున్నంతో గీతలు గీశారు. విజిలు మోగింది.

కుర్రాళ్లు కొందరు అప్పుడే అవతలి గీత దాటేసి, సైకిళ్లు దిగి చెమట తుడుచుకుంటున్నారు. అర్జునరావు ఇంకా బయల్దేరిన గీత దగ్గర్లోనే ఉన్నాడు. జనం ఈలలు వేశారు.

గవర్రాజు పక్కకి వచ్చాడు. "ఏటి బావా, మీ క్రేన్‌లో కాకులు గూడెట్టుకున్నాయంట. అది కదల్దని వాటికీ తెల్సిపోయిందేటి?"

అర్జునరావు చెవులు ఎర్రబడ్డాయి. ఆ సమయంలో నెత్తిమీద గిన్నె పెడితే పాలు పొంగేవి. కింది పెదవి కొరుక్కున్నాడు.

"మాటాడవేటి? మా సెల్లి ఇంట్లో నోరు మూయించిందా?"

నోట్లో ఉప్పగా తగిలింది. పెదవి చిట్లింది. అయినా మాట్లాడలేదు. పెడల్ మీద కాలు ఇంత కూడా గట్టిగా వేయలేదు. చైను ఉన్నచోటే ఉంది.

జవాబు రాకపోయేసరికి గవర్రాజు తల తిప్పి చూశాడు. అలా చూడ్డంలో ముందు చక్రం వంకర తిరిగింది. పడిపోకుండా గట్టిగా నాలుగు తొక్కులు తొక్కాడు. బండి ముందుకి దూసుకుపోయింది. బొజ్జతో సహా గీత దాటేశాడు.

కనకరత్నం మొహానికి కొంగు అడ్డం పెట్టుకుంది.

అందరూ గీతకి అవతల. ఇవతల అర్జునరావు ఒక్కడే, మొత్తం కాలనీ చూస్తుండగా, నెత్తురు కారే పెదవితో తొక్కుకుంటూ వస్తున్నాడు.

ఆ మధ్యాహ్నమే అర్జునరావు, స్లో సైకిల్ రేసులో అందరికంటే ఆఖర్న వచ్చి గెలుచుకున్న కప్పు నిండా మజ్జిగ పోసి, "తాగు బావా, సలవ సేస్తాది" అంటూ గవర్రాజు చేతిలో పెట్టాడు.