జనవరిలో మామిడిపండు వాసన

కొత్తిమీర కట్టను సబ్బునీళ్లలో ముంచి తీసే మొగుడితో కాపురం ఎలా ఉంటుందో కృపాజ్యోతిని అడగాలి. నిన్నటి చారులో నురగ కూడా వచ్చింది. కరోనా అంటే సుందర్‌రాజ్‌కి అంత జాగ్రత్త. అలాంటి మనిషి, బాత్రూంలో మామిడిపండు వాసన వస్తోందంటే మాత్రం పట్టించుకోలేదు.

“జనవరిల మామిడిపండేంది జ్యోతీ? నాకే వాసనా వస్తలేదు.”

“మూడు రోజుల సంది వస్తుందండీ. గిప్పుడు కూడా వస్తుంది. అత్తమ్మా, మీకు?”

అత్తగారు మాబెల్ బైబిల్లోంచి తల ఎత్తలేదు. “నాక్కూడ వస్తలేదు బిడ్డా.”

వాసన తెలియకపోతే ఏమిటో ఈ రెండేళ్లలో నాంపల్లి చిన్నపిల్లలకు కూడా తెలుసు. కృపాజ్యోతి పరుగున వెళ్లి ఇంగువ డబ్బా తెచ్చి ఇద్దరి ముక్కుల కిందా పెట్టింది.

“ఇంగువ,” అన్నాడు సుందర్‌రాజ్.

“మూత సరిగ్గ పెడ్తలేవు. ఘాటు పోయింది,” అంది మాబెల్.

ముక్కులు భేషుగ్గా ఉన్నాయి. అంటే తేడా తనలోనే ఉంది. లేని వాసన వచ్చినా కరోనాయేనని ఫోన్లో ఎవరో పంపింది చదివిందామె. అబిడ్స్ మందుల షాపు నుంచి కిట్ తెచ్చి పరీక్ష చేసుకుంది. ఒక్క గీతే పడింది, అంటే లేనట్టే. మామిడి వాసన మాత్రం వస్తూనే ఉంది. నమ్మాల్సింది గీతనా, ముక్కునా?

మర్నాడు మెదక్‌లో తమ్ముడి కూతురికి బాప్తిస్మం. పాపను పాస్టరుగారి చేతికి అందించాల్సింది మేనత్తగా తనే. పెట్టెలో సర్దిన పట్టుచీర తీసి మళ్లీ బీరువాలో పెట్టింది. గదిలోకి వెళ్లి గడియ వేసుకుని తమ్ముడికి ఫోన్ చేసింది.

“ఇవాన్, నేను రానురా. పసిగుడ్డుకు అంటుకుంటే ఎట్ల? ఇంకెవరికన్న చెప్పు...”

తలుపవతల సుందర్‌రాజ్ అటూ ఇటూ తిరిగాడు. చివరికి తలుపు బాదాడు.

“జ్యోతీ, వస్తవని చెప్పు! నీకేం కాలే. వాసన నిజంగనే వస్తుంది.”

“మరి లేదన్నరు?”

“వాసన మాటెత్తితే ఇల్లంత వెతుకుతవని భయమైంది. నేను బాత్రూంల వేప్ పీలుస్తున్న, గదే బ్యాటరీ సిగరెట్. అసలు సిగరెట్ కాదు, ఉత్త పొగమంచు లెక్క...”

“రేపొస్తున్నరా,” అని తమ్ముడికి చెప్పి కృపాజ్యోతి గడియ తీసింది. సుందర్‌రాజ్ జేబులోంచి పెన్నులాంటి గొట్టం తీసి ఆమె చేతిలో పెట్టాడు.

“కొత్తిమీరకేమో సబ్బునీళ్లు, ఊపిరితిత్తులకేమో గిదా?” దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, ఆగిపోయింది. “ఇది పుదీనా వాసన గదా?”

“ఔ. పుదీనాదే.”

“మరి మామిడి?”

“అదే నాకూ సమజైతలేదు.”

ఇద్దరూ హాల్లోకి చూశారు. మాబెల్ బైబిల్ మూసింది.

“మొదట వీనిదే తీస్కొని, ఆవిరి పట్టే మిషన్ అనుకొని పట్టిన బిడ్డా. పుదీనా ఘాటైంది. అబిడ్స్‌ల షాపుల చూపిస్తే, అది ఆవిరి మిషన్ గాదమ్మా అని చెప్పిన్రు. అయినా మామిడి వాసనది తెచ్చుకున్న. తప్పు నాదే.”