పావు తక్కువ పదికి

"ఇంకా కదల్లేదేంటండీ? మీవాళ్ళ పూజ అయిపోయిందిగా!"

వెనక బెంచీలో కూర్చున్న ముసలాయన తలెత్తి చూశాడు. టోపీ ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు.

"అయిపోయిందమ్మా. కాళ్ళు లాగుతుంటే కాస్త కూర్చున్నా."

"పావు తక్కువ పది దాటితే ఇది మా చర్చి. కాళ్ళు లాగితే బయట అరుగుంది."

"ఇక రావద్దంటారా?"

"రావద్దనే అంటున్నా."

"సరేనమ్మా" అని ఆయన మెల్లగా లేచి వెళ్ళిపోయాడు. కోపం కూడా తెచ్చుకోలేదు.

గెర్లిండ మామూలుగా అంత కటువు మనిషి కాదు. ఆ రోజు బాప్తిస్మం ఉందని పది నిమిషాలు ముందొచ్చింది. మోకాలు పొద్దుటి నుంచీ సలుపుతోంది. అరవై తొమ్మిదేళ్ళొచ్చినా ప్రొటెస్టంట్ల తరఫున చర్చి బాగోగులు ఆవిడే చూస్తోంది, ఇంకెవరూ ముందుకు రాక.

రైన్ నదికి ఇవతల, ద్రాక్షతోటల మధ్య ఉన్న ఆ ఊరికి ఒకటే చర్చి. మూడొందల ఏళ్ళుగా పొద్దున్నే క్యాథలిక్కులు, పదింటికి ప్రొటెస్టంట్లు. ప్రేమకొద్దీ పంచుకోవడం కాదు, రెండోది కట్టుకునే తాహతు ఎవరికీ లేక. క్యాథలిక్కుల పూజ అవగానే సాంబ్రాణి పొగ పోయేలా కిటికీలు తీయాలి. ప్రొటెస్టంట్లు విగ్రహాల ముందు ప్రార్థించరు గనక మరియమాత స్వరూపం ముందు తెర వేయాలి. బెంచీల మీద పాటల పుస్తకాలు మార్చాలి. పదింటి ఆరాధన ముగిశాక మళ్ళీ అన్నీ యథాప్రకారం సర్దాలి. ఇందులో ఎవరి వంతు ఏదన్నదాని మీద తాతల కాలంలో తలలు పగిలాయి.

ఈ పదకొండేళ్ళుగా మాత్రం మాట రాలేదు. గెర్లిండ వచ్చేసరికి తెర వేసే ఉండేది. క్యాథలిక్కుల తరఫున చర్చి చూసుకునే అలోయిస్‌ని మనసులోనే మెచ్చుకునేది.

పైకి మాత్రం అనేది కాదు. అవతలివాళ్ళకి థాంక్స్ చెబితే లోకువైపోతామని ఆ ఊళ్ళో రెండు పక్షాలకీ గట్టి నమ్మకం.

తర్వాతి ఆదివారం ఆవిడ లోపల అడుగుపెడితే కళ్ళు మండేంత పొగ. తెర తీసే ఉంది. ఆర్గాన్ వాయించే ఆయన పాట మధ్యలో దగ్గుతూనే ఉన్నాడు.

ఆ సాయంత్రం ప్రార్థనకి వచ్చిన క్యాథలిక్కులకి బెంచీల మీద ప్రొటెస్టంట్ల పుస్తకాలు కనిపించాయి.

"కావాలనే చేస్తున్నారు" అన్నారు వీళ్ళు.

"ఒళ్ళు పొగరు" అన్నారు వాళ్ళు.

నాలుగు ఆదివారాలు గడిచేసరికి ఫాదరుకీ పాస్టరుకీ మాటల్లేవు. ఆరోవారం మధ్యలో గోడ కట్టేద్దామని తీర్మానం చేశారు. బలిపీఠం క్యాథలిక్కులకి, ఆర్గాన్ ప్రొటెస్టంట్లకి.

తీర్మానం మీద గెర్లిండ కూడా సంతకం పెట్టింది. ఆ పీఠం ముందే ఆవిడ పెళ్ళయింది, అదీ ఒక క్యాథలిక్కుతో. ఆయన పోయి అయిదేళ్ళు. ఏడుపొచ్చింది గానీ, ఇందరితో వాదించే ఓపిక ఆవిడలో మిగల్లేదు.

గోడ నడుమెత్తు లేచిన రోజు అలోయిస్ వచ్చి ఆవిడ పక్కన నిలబడ్డాడు. ఇద్దరూ కాసేపు మేస్త్రీలనే చూశారు.

"ఒక్కమాట అడుగుతానయ్యా" అంది గెర్లిండ. "పదకొండేళ్ళు అంత శ్రద్ధగా తెర వేశావు. ఏం పాపం చేశామని మానేశావు?"

"నేనెక్కడ వేశాను? నువ్వే కదా వేసేదానివి!"

"నేనా? ఈ మోకాలితో మెట్టెక్కడమే గగనం నాకు!"

"మరి సాయంత్రానికి మా పుస్తకాలు సర్దిపెట్టేది?"

"నువ్వనుకున్నా."

అలోయిస్ వెనక్కి తిరిగి ఖాళీ బెంచీ వైపు చూశాడు.

"వెనక బెంచీలో ఒకాయన కూర్చునేవాడు. ఒక్కనాడూ మోకరించలేదు. మీవాడనుకున్నాను."

"ఒక్క పాటా పాడేవాడు కాదు" అంది గెర్లిండ. "మీవాడని నేనే వెళ్ళగొట్టాను."

బ్రెడ్డు దుకాణం అమ్మాయి వాళ్ళిద్దరికీ ఆయన ఇల్లు చెప్పింది. పెంకుల ఫ్యాక్టరీ వెనక వరసలో చివరిది. తలుపు తీసినావిడ ఆయన కూతురు.

"నాన్న పోయి ఇరవై రోజులైందండీ. నిద్రలోనే."

గెర్లిండ గుమ్మం పట్టుకుంది. దారి పొడవునా క్షమాపణ మాటలు కూర్చుకుంటూ వచ్చింది.

"మీరు చర్చివాళ్ళా?" అందా కూతురు. "నాన్న రిటైరైన దగ్గర్నుంచీ ప్రతి ఆదివారం అక్కడికే వచ్చేవాడు. ఇక రావద్దన్నారని చెప్పాడు. బాధేం పడలేదండీ, సంతోషించాడు. 'ఇద్దరూ కలిసి వాళ్ళ పని వాళ్ళే చేసుకుంటున్నట్టున్నారు, ఇక నాతో పనిలేదు' అన్నాడు."

అలోయిస్ తల దించుకున్నాడు. అలాగే ఉండి అడిగాడు.

"ఇంతకీ ఆయనది ఏ చర్చమ్మా?"

"చర్చి కాదండీ. యాభై ఏళ్ళ కిందట టర్కీ నుంచి ఫ్యాక్టరీ పనికి వచ్చిన ఏడు, మసీదు లేక రంజాన్ నమాజుకి నాన్నావాళ్ళు మంచులో నిలబడితే, అప్పటి ఫాదరూ పాస్టరూ చెరో కొస పట్టి బెంచీలు జరిపి, మరియమ్మ ముందు తెర వేసి, లోపలికి రమ్మన్నారట."