పేరు రాసిన పాల ప్యాకెట్

ఫ్రిజ్ తలుపు తీసిందో లేదో ఆమెకి నీరసం ముంచుకొచ్చింది. పాల ప్యాకెట్ మీద మళ్లీ గదిలోని రెండో మనిషి పేరు రాసి ఉంది. నల్ల ఇంకుతో, పెద్ద పెద్ద అక్షరాల్లో. పక్కనే ఒకే ఒక్క గుడ్డు. దాని మీదా పేరే.

ఆస్పత్రి లాండ్రీలో ఎనిమిది గంటలు నిలబడి దుప్పట్లు మడతపెట్టి వచ్చిన మనిషికి కోపం తెచ్చుకునే ఓపిక ఎక్కడిది? తలుపు మూసేసి గోడకి ఆనుకుని కూలబడింది.

విదేశం నుంచి వచ్చి ఆ రెండో మనిషి ఈ గదిలో దిగి రెండు నెలలు. ఒకే గది, రెండు మంచాలు, మధ్యలో బట్టల స్టాండు. అంతవరకూ ఒక్కతే మసలిన చోట ఇంకొకరికి చోటివ్వడం మాటలు కాదు. సర్దుకుపోదామనే అనుకుంది. కానీ ఆ మనిషి తీరే అంతుపట్టలేదు.

ఆమె బియ్యం బస్తాతో, నూనె డబ్బాతో దింపుకుంటుంది. వండితే రెండు పూటలకి సరిపడా గిన్నె నిండా వండుతుంది. ఆ మనిషి ఏం కొన్నా ఒక్కటే. ఒక అరటిపండు. చిటికెడంత టీ పొడి పొట్లం. అది కూడా ట్రంకుపెట్టెలో, తాళం వేసి. అర బకెట్టు నీళ్లతో మూడు నిమిషాల్లో స్నానం. గోడవైపు తిరిగి, నిలబడే భోజనం.

మొదటి వారం ఆమె ఇద్దరికీ వండిపెట్టి పనికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి గిన్నె మీద మూత కూడా కదల్లేదు.

“తినలేదేం?”

“నీ వంట కదా. అడక్కుండా ఎలా ముట్టుకుంటాను?”

లాండ్రీలో ఇస్త్రీ దగ్గర పనిచేసే అమ్మాయిని అందరూ రేడియో అంటారు. ఆ పిల్ల రోజూ ఆటపట్టించేది. “అక్కా, మీ ఫారిన్ రూమ్మేట్ గారు ఇవాళ దేనికి తాళం వేశారు?”

“ఉప్పు డబ్బా ఒక్కటీ మిగిలింది,” అనేది ఆమె. నవ్వు మాత్రం వచ్చేది కాదు.

తాళం సబ్బు దాకా వచ్చిన రోజు ఆమె ఓర్పు నశించింది. తన సబ్బు అరిగిపోయిందని ముందురోజు బాత్రూంలో పక్కనున్న సబ్బు వాడింది. పొద్దున చూస్తే అది లేదు. ట్రంకుపెట్టెలోకి చేరింది.

“నేను మీ కంటికి దొంగలా కనిపిస్తున్నానా? మేడ మీద గది ఖాళీ అయిందట. అక్కడికి వెళ్లిపోండి. మీరూ మీ సబ్బూ హాయిగా ఉండొచ్చు.”

ఆ మనిషి మంచం అంచున కూర్చుని మెల్లగా అన్నారు. “ఆ దేశంలో గదికి పన్నెండు మందిమి. సబ్బు బయట పెట్టి పనికెళ్తే మళ్లీ కనిపించేది కాదు. ఎవర్నని ఏం లాభం, అందరిదీ అదే బతుకు. ఏళ్ల తరబడి అలాగే గడిచిపోయింది. ఇప్పుడు చెయ్యి దానంతటదే తాళం వేసేస్తోంది.”

“ఇక్కడ ఉన్నది ఇద్దరమే కదండీ.”

“అవును. అదే మర్చిపోతున్నాను.” కాస్త ఆగి, “నిజంగానే వెళ్లిపొమ్మంటావా?” అని అడిగారు.

ఆమె బ్యాగు తగిలించుకుని పనికి వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం ఆస్పత్రి గుమాస్తా సిబ్బందికి కొత్త ఆరోగ్య కార్డులు రాస్తున్నాడు. వరసలో ఆమె వంతు వచ్చింది.

“పాత కార్డులో మీ ఒక్కరి పేరే ఉంది. అలాగే ఉంచెయ్యనా? ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా?”

ఆమె కాసేపు కిటికీలోంచి ఆరేసిన దుప్పట్లకేసి చూసింది.

“ఉన్నారు. రాయండి. ఇకనుంచీ నాతోనే ఉంటారు.”

“మీకేమవుతారు?”

“మా ఆయనండీ,” అంది ఆమె, “పెళ్లయిన ఇరవై నాలుగేళ్లకి, మొన్ననే కాపురానికొచ్చారు.”