రైలాగిన చోట

"జర గా ఫోటో తీసియ్యి సారూ. కిందికి పట్కపోయి మా అవ్వకు సూపిచ్చి మల్ల తెచ్చిస్త."

హనుమత్ప్రసాద్ కళ్లజోడు సవరించుకుని ఆవిడ వైపు చూశాడు. పొద్దుట్నుంచి ఫోటోల ముందు సెల్ఫీలు దిగినవాళ్లున్నారు, ఫోటోలకు వీపు ఆనించి ఫోన్లు మాట్లాడినవాళ్లున్నారు. గోడ మీంచి దించి ఇమ్మన్న మనిషి మాత్రం ఈవిడే.

"చేతికిచ్చి పంపడానికి ఇదేమన్నా పెళ్లి ఆల్బమా అమ్మా?" అన్నాడు.

ఆయన రైల్వే ఇంజనీరు. ఖరగ్‌పూర్, బిలాస్‌పూర్ అంటూ ఉద్యోగమంతా తెలుగు నేలకు దూరంగా చేసి, రిటైరయ్యాక అమీర్‌పేటలో కొడుకు దగ్గరకు చేరాడు. వెళ్లిన ఊరల్లా గాలించి పోగేసిన పాత రైళ్ల ఫోటోలను పంజాగుట్టలో ఒక మేడ మీది హాల్లో ప్రదర్శనకు పెట్టాడు. బొగ్గింజన్లు, ఇనప వంతెనలు, నిజాం కాలం స్టేషన్లు. ఎవరి పిచ్చి వారికి ఆనందం.

ఆ పిచ్చికి మూలం ఇప్పుడు ఈవిడ వేలు పెట్టి చూపిస్తున్న ఫోటోనే.

వరదకు కట్ట తెగి ఆగిపోయిన రైలు. ఇంజను నీడలో, కంకర మీద కూర్చున్న ఓ పడుచు. ఒళ్లో, కొంగు చాటున ఓ పసివాడు.

ఆ పసివాడు హనుమత్ప్రసాదే. కాజీపేట దాటాక రైలు రెండు రోజులు కదల్లేదట. అమ్మకు జ్వరం, పాలు లేవు. గుక్కపట్టిన పిల్లాణ్ణి, పక్క పల్లె నుంచి వచ్చిన ఆ పడుచు తన బిడ్డను పక్కన పడుకోబెట్టి మరీ ఒళ్లోకి తీసుకుంది. రైల్లో ఎవరో పెద్దమనిషి ఫోటో తీసి తర్వాత నాన్నకు పంపాడు. ఆమె పేరు అడగాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

"ఆ తల్లి కాళ్లకు ఒక్కసారి మొక్కరా" అని అమ్మ పోయేదాకా అంటూనే ఉంది. మొక్కకుండానే తనూ పోతానేమోనన్నది ఆయన బెంగ.

నిన్న పేపరువాళ్లు ఫోటోతో సహా ఆ సంగతంతా రాశారు. ఇంకేముంది, తెల్లారేసరికి ఆమెకు బంధువులు పుట్టగొడుగుల్లా మొలుచుకొచ్చారు. ఒకడు మేనత్తన్నాడు, ఒకడు పెద్దమ్మన్నాడు. రెండు ప్రశ్నలు గట్టిగా అడిగితే ఇద్దరూ జారుకున్నారు.

"మీ పేరేంటి?"

"బాలమణి."

"ఈ ఫోటోలో ఉన్నావిడ మీకేమవుతుంది?"

"గామెనే సారూ, మా అవ్వ."

"మీ వయసెంత?"

"మీ ఈడే ఉంటది."

ఆయనలోని ఇంజనీరు లేచి కూర్చున్నాడు. "చూడండి. ఇందులో ఆవిడకు ఇరవై దాటలేదు. అప్పటికి మీరూ నేనూ పుట్టేశాం. ఇరవై ఏళ్ల పిల్ల మీకు అవ్వ ఎట్లా అవుతుంది?"

బాలమణి తెల్లబోయింది. "గదేంది సారూ! ఇరవై ఏండ్లకు అవ్వ కారా ఎవరన్న?"

"మీ వైపు అవుతారేమో. మా వైపు అవరు."

"పోనీ మీరే జర కిందికి రారి. లిఫ్టు పని చేస్తలేదు, మెట్లెక్కుదమంటె ఆమెతోని గాదు. ఆటోల కూసున్నది. గా పిలగాడు సల్లగున్నడా అని కండ్లార సూస్తనన్నది."

"మీ అవ్వ ఇంకా బతికే ఉందా?"

"గట్లంటరేంది సారూ!"

"సంతోషం. ఇక వెళ్లండమ్మా. ముఖ్య అతిథి వచ్చే వేళయింది."

బాలమణి ఫోటో అద్దాన్ని ఒకసారి తాకి, మెట్లు దిగి వెళ్లిపోయింది.

అతిథి దగ్గర్లోకి వచ్చారని ఫోనొస్తే హనుమత్ప్రసాద్ కిందికి దిగాడు. గేటుకు అడ్డంగా ఆటో ఉంది. పక్కన బాలమణి, లోపల ఒక ముసలమ్మ.

ఓరకంట చూశాడు. ఎంత లెక్కేసినా ఆవిడకు ఎనభై, ఎనభై రెండు. నూరు దాటాల్సిన అవ్వ ఎనభై దగ్గరే ఆగిందంటే ఇక చెప్పేదేముంది? తన లెక్క తప్పలేదని మనసులోనే మురిసిపోయాడు.

"ఆటో తియ్యి బాబూ, కారు రావాలి."

ముసలమ్మ తల బయటికి పెట్టింది. ఆయన్ని నెత్తి నుంచి పాదాల దాకా చూసింది.

"తిన్నవా బిడ్డా?"

అంత విసుగులోనూ ఆయన గొంతు ఎందుకో మెత్తబడింది. "తిన్నానమ్మా."

"గంతే సాలు. ఇగ పోనియ్యి కొడుకా" అంది డ్రైవరుతో. బాలమణి ఏదో చెప్పబోతే చెయ్యి పట్టి లోపలికి లాక్కుంది.

ఆటో మెట్రో స్తంభాల కింద ట్రాఫిక్‌లో కలిసిపోయింది.

అతిథికి శాలువా తేవడానికి వెళ్లిన కోడలు అనుపమ అప్పుడే వచ్చింది. వరంగల్ పిల్ల. ఆ ఇంటికొచ్చి ఏడాది కాలేదు.

"వింటే నవ్వుతావమ్మా" అన్నాడాయన. "నా ఈడు మనిషి వచ్చి, ఫోటోలో ఉన్న ఇరవై ఏళ్ల పిల్ల మా అవ్వ అంటుంది! ఆ మాత్రం లెక్క నాకు రాదనుకుంది. పైగా ఆటోలో ఎవరో పెద్దావిణ్ణి కూర్చోబెట్టి తెచ్చింది."

అనుపమ నవ్వలేదు. గబగబా రోడ్డు దాకా వెళ్లి అటూ ఇటూ చూసింది.

"ఆటో ఎటు పోయింది మామయ్యా?"

"ఎటో పోయింది. ఎందుకమ్మా?"

వెనక్కి తిరిగేసరికి ఆమె కళ్ల నిండా నీళ్లు.

"మా దిక్కు అవ్వ అంటే అమ్మ, మామయ్యా."