చివరి పెట్టె

"జవాబు చెప్పనిదే రైలు దిగేది లేదు!"

ఈ నియమం పెట్టింది టీచరమ్మే. ఇప్పుడు అందులో ఇరుక్కుపోయిందీ టీచరమ్మే. ఎవరు తవ్విన గోతిలో వాళ్లే పడతారంటారే, అదన్నమాట.

మూడో తరగతిలో వారంగా రైలు పాఠాలు నడుస్తున్నాయి. ఇరవై కుర్చీలు వరసగా వేస్తే రైలు. పొద్దున సైన్సు. వాలుగా పెట్టిన చెక్క మీంచి బొమ్మ రైలును వదిలి, నున్నటి గచ్చు మీద ఎంత దూరం పోయిందో, గోనెపట్టా మీద ఎంత పోయిందో స్కేలుతో కొలవాలి. సాయంత్రం లెక్కలు. ఒక్కొక్కరూ సొంతంగా ఒక లెక్క తయారుచేసి, జవాబుతో సహా అట్టముక్క టికెట్టు మీద రాసివ్వాలి. ఆ తర్వాత టీచరమ్మ అడిగిన లెక్కకు జవాబు చెప్పి దిగిపోవాలి. నాలుగున్నర గంట కొట్టేసరికి రైలంతా ఖాళీ అయిపోయేది.

ఒక్క చివరి పెట్టె తప్ప. అందులో కూర్చునే పిల్లకు తోటివాళ్లు 'గార్డు' అని పేరు పెట్టారు.

మొన్నా ఇంతే, నిన్నా ఇంతే. ఏ లెక్కడిగినా తప్పే. సరిగ్గా ఆరింటికి మాత్రం దాని బుర్ర వెలిగేది. రెండు రోజులూ టీచరమ్మకు ఇంటికెళ్లే అయిదుంబావు రైలు తప్పిపోయింది. ఇంట్లో ఏడాది పిల్లాణ్ణి చూసుకునే ఆయా నిన్న తెగేసి చెప్పింది.

"ఇంకొక్కరోజు ఆలస్యమైతే వేరే మనిషిని చూసుకోండమ్మా."

ఆయా మానేస్తే తను ఉద్యోగం మానాల్సిందే. ఇవాళ ఆ రైలు తప్పకూడదు.

"గార్డుగారూ! పెట్టెకు ఎనిమిది మంది చొప్పున మూడు పెట్టెల్లో ఎంతమంది?"

పిల్ల వేళ్లు లెక్కపెట్టింది. గోడ గడియారం చూసింది. మళ్లీ మొదట్నుంచీ వేళ్లు లెక్కపెట్టింది.

"ఇరవై మూడు టీచర్."

"ఆ ఒక్కణ్ణీ ఎక్కడ తోసేశావే తల్లీ!"

గేటు బయట స్కూటరు హారన్ రెండుసార్లు మోగింది. పిల్ల బాబాయి. టీచరమ్మ కిటికీలోంచి తొంగిచూసి "ఇంకాస్సేపండీ!" అంది.

"పర్లేదు టీచర్, ఎంతసేపైనా ఉంటాను" అన్నాడతను నవ్వుతూ.

ఎంత ఓపిక! పది నిమిషాలు ఆగమంటే తన మొగుడు ఒంటికాలి మీద లేస్తాడు.

రెండో లెక్క తప్పు. మూడోదీ తప్పే. అయిదయ్యేసరికి ఆరు తప్పులు. టీచరమ్మకు కోపం పోయి ఏడుపొచ్చింది.

"మా బాబు ఎదురుచూస్తుంటాడమ్మా. నామీద జాలి లేదా? రెండూ రెండూ ఎంత?"

పిల్ల ఆవిడ ముఖంలోకి చూసింది. ఏదో చెప్పబోయింది. మళ్లీ హారన్ మోగింది.

"అయిదు" అంది మెల్లగా.

"చాల్లే! నియమం లేదు, గియమం లేదు. దిగు."

"జవాబు చెప్పకుండా దిగకూడదు కదా టీచర్? మీరే అన్నారు." కుర్చీని రెండు చేతులా పట్టుకుంది.

"నేనే అన్నాను, నేనే తీసేస్తున్నాను. లే!"

చెయ్యి పట్టుకుని గేటు దాకా తీసుకెళ్లి, తనే స్కూటరెక్కించింది.

"ఇంట్లో కాస్త లెక్కలు చెబుతూ ఉండండి" అంది బాబాయితో.

"దీని తలకెక్కవు టీచర్" అని నవ్వి అతను స్కూటరు తిప్పాడు.

స్టేషను బడి వెనకే. పరుగో పరుగు. రైలు దొరికింది, కిటికీ పక్కన సీటు కూడా దొరికింది. అబ్బ, గండం గడిచింది! రైలు కదిలింది. ఇక ఆరింటి దాకా ఎక్కడా ఆగదు.

ఊరికే కూర్చోవడమెందుకని సంచీలోంచి ఇవాళ్టి టికెట్ల కట్ట తీసింది. అందరికన్నా పైన గార్డు టికెట్టు.

'అమ్మ డ్యూటీ దిగి ఆరింటికి ఇంటికొస్తుంది, బడి నాలుగున్నరకి వదులుతారు, ఒక్కో తప్పు జవాబుకి అయిదు నిమిషాలు గడుస్తాయి, అయితే బాబాయి ఒక్కడే ఉన్న ఇంటికి వెళ్లకుండా ఉండాలంటే ఎన్ని తప్పులు చెప్పాలి? పద్దెనిమిది.'