జేబులో బల్బు

తిమ్మరాయప్ప పాతకాలపు కారులో, ట్యాంకు నిండా పెట్రోలున్నా, అయిపోతోందని చెప్పే ఎర్రలైటు ఆరడం లేదు. మెకానిక్ మునిరాజు వైర్లన్నీ చూశాడు. ట్యాంకులో పెట్రోలు మట్టం చూపే ఫ్లోటు కూడా విప్పి చూశాడు. తప్పు ఎక్కడుందో దొరకలేదు. ఆ మాట చెప్పడానికి మొహం చెల్లక, బల్బు పీకి పనిచొక్కా జేబులో వేసుకున్నాడు.

“బాగైపోయిందన్నా.”

“నువ్వు చేసినాక భయమేముందప్పా. ఇంక అది వెలిగితేనే పెట్రోలు పోయిస్తాను,” అన్నాడు తిమ్మరాయప్ప.

వారం తిరగకముందే, ఒక సాయంత్రం ఆ కారు మునిరాజు షెడ్డు ముందునుంచి వేప్పనపల్లి వైపు వెళ్ళింది. వెనక సీట్లోంచి ఆయన మనవరాలు చెయ్యి ఊపింది. చీకటి పడితే ఆ దారిలోకి ఏనుగులు దిగుతాయి. మునిరాజు కూడా చెయ్యి ఊపాడు.

రాత్రి ఆ పనిచొక్కాతోనే అన్నం ముందు కూర్చున్నాడు. బయట కుక్కలు కూడా మొరగడం లేదు.

“నీ జేబులో ఏందది, ఎర్రగా వెలగతా ఉండేది?” అంది భార్య మునెమ్మ.

ఫోను పక్కనే ఉంది. తిమ్మరాయప్పకు చేస్తే బల్బు సంగతి చెప్పుకోవాలి.

“ఏం లేదు. చారు పొయ్యి,” అని మునిరాజు అరచేత్తో జేబు మూశాడు. వేళ్ళ సందుల్లోంచి ఆ ఎరుపు ఆమె మొహం మీద పడుతూనే ఉంది.