వసారాలో చాప

ఇంటింటి గోడకీ సర్కారు కన్ను వచ్చాక ఆడవాళ్ల ముట్టు రోజులు అదే లెక్కపెడుతోంది. నెల తప్పితే మర్నాటికల్లా పేరు నమోదవుతుంది. ఆపైన కడుపు తీయించుకోవడం నేరం. మరో కాన్పు తట్టుకోలేదని డాక్టరమ్మ చెప్పిన గుండె హైమావతిది. ఇవాళ రావలసిన ముట్టు ఆమెకు రాలేదు.

తెల్లారగానే అత్త కనకరత్నం వసారాలో చాప పరిచి, గోడకు వినబడకుండా గుసగుసగా అంది. "బయట చేరినట్టు మూడ్రోజులు ఇక్కడే కూర్చోవే. వంటింట్లోకి రాకు, నన్ను ముట్టుకోకు. ఆ కన్ను నమ్మాలి."

ఆ చాప మీద కూర్చోనని హైమ పదేళ్లు పోట్లాడింది. ఇవాళ తనే వెళ్లి కూర్చుంది. అత్త దూరం నుంచే కంచం జరిపింది. అన్నం కింద డాక్టరమ్మ చాటుగా ఇచ్చిన మాత్రలున్నాయి.

అత్త కాళ్లకు దణ్ణం పెట్టాలనిపించింది హైమకు. ముట్టుకోకూడదు, గోడ చూస్తోంది. కంచాన్నే కళ్లకద్దుకుంది.